ఉమ్మిలో దొరికే ఆనవాళ్ళు

చెన్నైలో టి. నగర్‌కి తెలుగువాళ్ళు ఎందుకు వెళ్తారంటే, జవాబు తరాలుగా పెద్దగా మారలేదు. పట్టుచీరలు, నగలు, పెళ్ళి సామాన్లు. వెంకటనారాయణ రోడ్డులో తిరుమల దేవస్థానం వారి గుడి. ఒకప్పుడైతే సినిమా అవకాశాలు. పేటకి పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టి, నడిబొడ్డున ఉన్న పార్కుకి పేరిచ్చిన పానగల్ రాజా పానుగంటి రామరాయణింగారు ఇద్దరూ తెలుగు ఇళ్ళలో పుట్టినవాళ్ళే. 1990లలో ఇదే పేటలోని రామన్ స్ట్రీట్‌కి మనుషులు మరో పని మీద కూడా వచ్చేవారు. ఆ పని గురించి ఇంట్లో చెప్పుకునే వీలుండేది కాదు. వై.ఆర్. గైతొండే ఎయిడ్స్ పరిశోధన, విద్యా కేంద్రం ఆ రోజుల్లో తన పరిశోధన పత్రాల మీద వేసుకున్న చిరునామా అది. అందరూ వైఆర్‌జీ కేర్ అంటారు. డాక్టర్ సునీతి సోలమన్ 1993లో నెలకొల్పిన ఈ సంస్థ హెచ్‌ఐవీ పరీక్షనీ, పరీక్షకి ముందూ వెనకా కూర్చోబెట్టి మాట్లాడే కౌన్సెలింగ్‌నీ ఒకే కప్పు కిందికి తెచ్చింది.

ఉమ్మితో రోగాల్ని కనిపెట్టడం గురించి చెప్పుకోవాలంటే ఈ వీధి నుంచి మొదలుపెట్టడం న్యాయం. ఉమ్మిలోని ప్రొటీన్లతో చేసే పరీక్షల్లో ప్రపంచం మొత్తం మీద బాగా నిలదొక్కుకున్నది హెచ్‌ఐవీ పరీక్షే. ఆ పరీక్ష ఎందుకు కావలసి వచ్చిందో తెలియాలంటే, అది రాకముందు రక్తం కోసం పడ్డ పాట్లు తెలియాలి.

1985 చివర్లో మద్రాస్ మెడికల్ కాలేజీలో సునీతి సోలమన్ మైక్రోబయాలజీ ప్రొఫెసర్. సెల్లప్పన్ నిర్మల ఆమె దగ్గర చదువుకుంటున్న 32 ఏళ్ళ విద్యార్థిని. మన దేశంలో ఎయిడ్స్ లేదని అందరూ అనుకుంటున్న కాలమది. ఉందో లేదో చూడమని సునీతి తన శిష్యురాలికి పరిశోధన అంశంగా ఇచ్చారు. నిర్మల మైలాపూర్‌లో సెక్స్ వర్కర్లని ఉంచిన విజిలెన్స్ హోమ్‌కి వెళ్ళి 80కి పైగా రక్త నమూనాలు సేకరించారు. చేతికి గ్లవ్స్ లేవు. వేరు చేసిన సీరం దాచడానికి సరైన చోటు దొరక్క ఇంట్లో ఫ్రిజ్‌లోనే పెట్టారు. మద్రాసులో హెచ్‌ఐవీ పరీక్ష చేసే ల్యాబు లేదు. 1986 ఫిబ్రవరిలో ఐస్ పెట్టెలో వాటిని సర్దుకుని, రాత్రి రైలెక్కి కాట్పాడిలో దిగి, వేలూరు సీఎంసీకి తీసుకెళ్ళారు. ఆరు నమూనాలు పసుపు రంగుకి తిరిగాయి. భారతదేశంలో హెచ్‌ఐవీ ఉన్నట్టు మొదటిసారి తేలింది అలా.

వేలూరులో వెతికింది వైరస్‌ని కాదు. వైరస్ ఒంట్లోకి వచ్చిందని గుర్తుపట్టిన శరీరం దాని మీదికి వదిలే యాంటీబాడీలని. యాంటీబాడీ అంటే ప్రొటీనే. అది రక్తంలో పుష్కలంగా ఉంటుంది కాబట్టి సిరంజీలు, ఐస్ పెట్టె, రైలు అన్నీ అవసరమయ్యాయి. అదే ప్రొటీన్ నోట్లో కూడా ఉంటుంది. పంటికీ చిగురుకీ మధ్య సన్నని సందు ఉంటుంది. రక్తంలోని ఐజీజీ రకం యాంటీబాడీలు ఆ సందులోంచీ, బుగ్గల లోపలి పొరలోంచీ కొద్దికొద్దిగా ఊరి ఉమ్మిలో కలుస్తుంటాయి. రక్తంలో ఉన్నదానితో పోలిస్తే అది దాదాపు వెయ్యోవంతు. అంత తక్కువ మోతాదుని నమ్మకంగా పట్టే పరికరం తయారు కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

2004 మార్చిలో అమెరికా ఎఫ్‌డీఏ ఓరాక్విక్ అనే పరీక్షని నోటి ద్రవంతో చెయ్యడానికి అనుమతించింది. చదునైన మెత్తని కొస ఉన్న పుల్లతో పై చిగుళ్ళనీ కింది చిగుళ్ళనీ ఒక్కొక్కసారి తుడిచి, చిన్న సీసాలోని ద్రవంలో నిలబెడతారు. పుల్లలోని కాగితం మీద హెచ్‌ఐవీ పైతొడుగులో ఉండే ప్రొటీన్ ముక్కలు ముందే అంటించి ఉంటాయి. ఉమ్మితో పాటు పైకి పాకిన యాంటీబాడీ వాటిని గుర్తుపట్టి అంటుకుంటే, ఇరవై నిమిషాల్లో ఎర్రని గీత తేలుతుంది. రెండో గీత పరీక్ష సరిగా జరిగిందని చెప్పడానికి. 2012 జులైలో ఇదే పరీక్షని మందుల షాపులో కొనుక్కుని ఇంట్లో చేసుకోవడానికి కూడా అనుమతి వచ్చింది. 2016 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్‌ఐవీ స్వీయ పరీక్షని సిఫారసు చేసింది.

మన దేశంలో దీని సత్తా చూసింది మహారాష్ట్రలోని సేవాగ్రామ్‌లో. అక్కడి మహాత్మాగాంధీ వైద్య విజ్ఞాన సంస్థలో నితికా పంత్ పాయ్ బృందం నోటి పరీక్షని రక్త పరీక్షతో పోల్చి, 2007లో ఫలితాలు ప్రచురించింది. గ్రామీణులు ఎక్కువమంది నోటి పరీక్షే మేలన్నారు. ఆ తరువాత అదే బృందం ప్రసూతి గదిలో రాత్రీపగలూ ఈ పరీక్ష అందుబాటులో పెట్టింది. నొప్పులతో వచ్చి చేరిన స్త్రీలు వెయ్యిమందికి పైగా ఒప్పుకున్నారు. వాళ్ళలో హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలినవారికి, బిడ్డకి సోకకుండా మందు ఇవ్వడానికి సమయం చిక్కింది. ఒక తల్లి ప్రసవానికి ముందు ఆ గదిలో ఉండేది కొన్ని గంటలే. రక్తం తీసి, ల్యాబుకి పంపి, జవాబు తెప్పించుకునేసరికి ఆ గంటలు గడిచిపోతాయి.

కచ్చితత్వం మాటకొస్తే, 2012లో పంత్ పాయ్, ఆమె సహచరులు ప్రపంచంలోని అధ్యయనాలన్నీ కలిపి లెక్కవేశారు. ఒకే పరీక్షని వేలి రక్తంతో చేస్తే, హెచ్‌ఐవీ ఉన్న వందమందిలో 99.68 మంది పట్టుబడ్డారు. నోటి ద్రవంతో చేస్తే 98.03. తేడా రెండు శాతం లోపే. ఇది శిక్షణ ఉన్న చేతుల్లో. మామూలు మనుషులు ఇంట్లో తమంతట తాము చేసుకుంటే, హెచ్‌ఐవీ ఉన్న ప్రతి 12 మందిలో ఒకరికి లేదని రావచ్చని ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చినప్పుడే చెప్పింది. లేనివాళ్ళకి ఉందని పొరపాటున రావడం మాత్రం 5,000 మందిలో ఒకరికి. వైరస్ సోకిన మొదటి వారాల్లో యాంటీబాడీ ఇంకా తయారు కాదు కాబట్టి పరీక్ష ఏమీ పట్టదు. ఏళ్ళ తరబడి మందులు వాడుతున్నవాళ్ళ నోట్లో యాంటీబాడీ పలచబడి, లేదని చూపించే ప్రమాదమూ ఉంది. అందుకే గీత తేలితే రక్త పరీక్షతో నిర్ధారించుకోవాలి. తేలకపోయినా అనుమానం ఉంటే మూడు నెలల తరువాత మళ్ళీ చేయించుకోవాలి. ఈ పరీక్ష చూసి ఉమ్మితో హెచ్‌ఐవీ అంటుకుంటుందని ఎవరైనా భయపడితే, ఆ భయానికి ఆధారం లేదు. పుల్లకి అంటేది శరీరం చేసిన యాంటీబాడీయే.

యాంటీబాడీల విషయంలో ఇంగ్లండ్ ఇంకో అడుగు ముందుంది. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా వచ్చాయని డాక్టరు అనుమానిస్తే, 1994 నుంచి అక్కడ ఆరోగ్య శాఖ ఆ ఇంటికి చిన్న స్పాంజి పుల్ల పంపుతోంది. తల్లి దాన్ని పిల్లవాడి చిగుళ్ళ మీద రుద్ది, గొట్టంలో పెట్టి, మూత బిగించి పోస్టులో వేస్తుంది. ల్యాబులో ఐజీఎం రకం యాంటీబాడీ కోసం చూస్తారు. ఏడుస్తున్న పసివాడి చేతిలో నరం వెతకాల్సిన పని లేకుండా, మూడు దశాబ్దాలుగా ఒక దేశం మొత్తం ఈ జబ్బుల జాడ ఇలా కనిపెడుతోంది. పెద్ద పెద్ద యంత్రాల గురించి వచ్చే వార్తలకంటే ఈ పోస్టు కవరు ఎక్కువ శ్రద్ధగా చూడదగ్గది.

ఇంతకీ ఉమ్మిలో ఏముంది?

రోజుకి అర లీటరు నుంచి ఒకటిన్నర లీటర్ల దాకా ఊరే ఈ ద్రవంలో 99 శాతం పైగా నీరే. చెవుల కింద ఒక జత, దవడ కింద ఒక జత, నాలుక కింద ఒక జత పెద్ద గ్రంథులు, ఇవి కాక పెదవుల్లో, బుగ్గల్లో, అంగిలిలో వందలకొద్దీ చిన్న గ్రంథులు దాన్ని తయారుచేస్తాయి. గవదబిళ్ళల్లో వాచేది చెవి కింది జతే. నీరు పోగా మిగిలినదాంట్లో ప్రొటీన్లది పెద్ద వాటా. అన్నంలోని పిండి పదార్థాన్ని నోట్లోనే విడగొట్టడం మొదలుపెట్టే అమైలేజ్, ముద్ద జారేలా చేసే మ్యూసిన్లు, క్రిముల గోడలు కరిగించే లైసోజైమ్, ఇనుముని పట్టేసి క్రిములకి దక్కనివ్వని లాక్టోఫెరిన్, ఫంగస్‌ని ఎదిరించే హిస్టాటిన్లు, పంటి ఖనిజం కరిగిపోకుండా కాపాడే స్టాథెరిన్. వక్క నమిలినా పచ్చి అరటికాయ కొరికినా నోరు వగరెక్కడానికి కారణం కూడా ప్రొటీన్లే. ప్రోలిన్ ఎక్కువగా ఉండే ప్రొటీన్లు టానిన్లని పట్టుకుని ముద్ద కట్టడంతో నోటి జారుడు తగ్గిపోతుంది. పిండి పదార్థాలు ఎక్కువగా తినే జాతుల్లో అమైలేజ్ జన్యువు నకళ్ళు ఎక్కువగా ఉంటాయని 2007లో జార్జ్ పెర్రీ బృందం చూపించింది. ఎవరి నోటి ప్రొటీన్ల లెక్క వారి తాతముత్తాతల తిండి మీద కూడా ఆధారపడుతుందన్నమాట.

ఈ ప్రొటీన్ల పూర్తి జాబితా తయారుచెయ్యడానికి అమెరికాలోని పరిశోధక బృందాలు కలిసి పనిచేసి, 2008లో 1,166 ప్రొటీన్ల పట్టిక విడుదల చేశాయి. 2015లో బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోఇన్ఫర్మాటిక్స్ పరిశోధకులు, అంతకుముందు హైదరాబాదు సీసీఎంబీలో పనిచేసిన రవి సిర్దేశ్‌ముఖ్ తదితరులతో కలిసి, తాము కనుగొన్నవీ ఇతరులు కనుగొన్నవీ చేర్చి ఆ సంఖ్యని 3,449కి పెంచారు. వాళ్ళు ఆ పట్టిక వేసింది ప్రధానంగా నోటి క్యాన్సర్‌ని దృష్టిలో పెట్టుకుని. ఉమ్మిలో కనిపించే ప్రొటీన్లలో సుమారు నాలుగోవంతు రక్తంలోనూ ఉన్నవే. అందుకే నోటికి దూరంగా ఉన్న అవయవాల వార్త కూడా నోట్లో దొరకవచ్చని శాస్త్రవేత్తలు ఆశపడతారు. ఒక సుళువు కూడా ఉంది. రక్తంలో ఇరవై చిల్లర రకాల ప్రొటీన్లే బరువులో 99 శాతం ఆక్రమిస్తాయి. వాటి మధ్య అరుదైన ప్రొటీన్‌ని పట్టడం, దీపావళి ముందు ఆదివారం టి. నగర్‌లోని రంగనాథన్ వీధిలో ఒక మనిషిని వెతకడమే. ఉమ్మిలో మొదటి ఇరవై ప్రొటీన్ల వాటా 40 శాతం దగ్గరే ఆగుతుంది.

ఆశ అంత సులువుగా ఫలించలేదు. ఎందుకో తెలియడానికి నోటి క్యాన్సర్ కంటే మంచి ఉదాహరణ లేదు.

భారతదేశంలో 2020లో సుమారు 1.35 లక్షల మందికి కొత్తగా నోటి క్యాన్సర్ వచ్చిందనీ, 75 వేల మంది చనిపోయారనీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. ఖైనీ, గుట్కా, వక్క, బీడీ, చుట్ట, మద్యం దీని వెనక ఉన్న కారణాలు. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల తీరప్రాంతంలో దీనికి ఇంకో రూపం కూడా ఉంది. చుట్ట నిప్పు కొసని నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటుని అక్కడ అడ్డపొగ అంటారు. ఆడవాళ్ళలోనూ బాగా కనిపించే అలవాటు ఇది. డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, ముంబయి నుంచి మెహతా, గుప్తా తదితరులు ఆంధ్రలో 10,169 మంది గ్రామీణుల అంగిళ్ళు పరీక్షించి 1971లో ప్రచురించిన పత్రం ఇప్పటికీ ప్రపంచంలో ఈ విషయం మీద ఎవరు రాసినా ఉదహరించే పత్రం. మిగతా దేశంలో క్యాన్సర్ బుగ్గలో, నాలుక మీద వస్తుంటే, ఇక్కడ గట్టి అంగిలి మీద వస్తుంది. ఉమ్మి చేసే చిన్న గ్రంథుల్లో కొన్నిటి నోళ్ళు తెరుచుకునేది అంగిలి మీదే. నిప్పు వేడి నేరుగా తగిలేది వాటికే. ఉమ్మి ప్రొటీన్ల మీద పనిచేసేవారు శ్రద్ధపెట్టాల్సిన చోటు ఇంతకంటే ఏముంటుంది?

క్యాన్సర్ కణాలు, వాటి చుట్టూ చేరిన తెల్లరక్తకణాలు కొన్ని ప్రొటీన్లని మామూలుకంటే ఎక్కువగా వదులుతాయి. అవి పుండు నుంచి నేరుగా ఉమ్మిలోకి రాలతాయి. ఇంటర్‌ల్యూకిన్-8 అనే ప్రొటీన్ నోటి క్యాన్సర్ రోగుల ఉమ్మిలో పెరుగుతుందని 2004లోనే లాస్ ఏంజిలస్‌లోని యూసీఎల్‌ఏ నుంచి డేవిడ్ వాంగ్ బృందం చూపించింది. 2008లో అదే బృందం ఐదు ప్రొటీన్లని కలిపి చూస్తే, రోగుల్లో 90 శాతం మందిని పట్టగలిగామనీ, ఆరోగ్యవంతుల్లో 83 శాతం మందిని సరిగ్గా వదిలేశామనీ ప్రకటించింది. వక్క నమలడం విస్తారంగా ఉన్న తైవాన్‌లో చాంగ్ గుంగ్ విశ్వవిద్యాలయం బృందం 2016లో నాలుగు ప్రొటీన్ల జట్టుని ఎంచి, 87.5, 80.5 శాతాలు సాధించింది.

ఈ అంకెలు పత్రికల్లో గొప్పగా కనిపిస్తాయి. ఊళ్ళోకి తీసుకెళ్తే ఏమవుతుందో లెక్కవేసి చూడాలి. పదివేల మంది పెద్దవాళ్ళున్న చోట పదిమందికి నోటి క్యాన్సర్ ఉందనుకుందాం. 90, 83 శాతాల పరీక్ష ఆ పదిమందిలో తొమ్మిదిమందిని పడుతుంది. జబ్బు లేని 9,990 మందిలో 17 శాతం, అంటే దాదాపు 1,700 మందికి కూడా ఉందనే చెబుతుంది. తొమ్మిదిమంది కోసం 1,700 మందిని భయపెట్టి ఆసుపత్రికి పంపే పరీక్షని ఏ ప్రభుత్వమూ ఇంటింటికీ పంపలేదు. హెచ్‌ఐవీ పరీక్షకీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. హెచ్‌ఐవీ యాంటీబాడీ వైరస్ సోకని ఒంట్లో ఉండదు. అది ఉందా లేదా అన్నదే ప్రశ్న. ఇంటర్‌ల్యూకిన్-8 లాంటివి ప్రతి నోట్లోనూ ఉంటాయి. ఎంత ఉంటే జబ్బు అన్నది ప్రశ్న. ఆ ఎంత అనేది మనిషికీ మనిషికీ, పొద్దుటికీ సాయంత్రానికీ మారిపోతుంది.

మన నోళ్ళలో ఈ సమస్య రెట్టింపు. ఇంటర్‌ల్యూకిన్లు పెరగడానికి క్యాన్సరే అక్కర్లేదు. చిగుళ్ళ వాపు చాలు. బ్రష్ చేస్తే రక్తం కారే చిగుళ్ళు మన దగ్గర ఎన్ని ఇళ్ళలో లేవు? పొగాకు కూడా తనంతట తానే ఈ ప్రొటీన్లని కదిలిస్తుంది. రోగుల్ని ఒకవైపు, దంత కళాశాల విద్యార్థుల వంటి శుభ్రమైన నోళ్ళవాళ్ళని మరోవైపు పెట్టి పోలిస్తే ఏ పరీక్షైనా నెగ్గుతుంది. ఖైనీ నమిలే, చిగుళ్ళు చెడిన, క్యాన్సర్ లేని మనిషితో పోల్చినప్పుడు నెగ్గాలి. ఉమ్మి మీద వచ్చిన వందల పత్రాల్లో ఈ రెండో రకం పోలిక తక్కువ. ఈ రంగం ఇరవై ఏళ్ళుగా ల్యాబు గడప దాటలేకపోవడానికి అసలు కారణం ఇదే.

సేకరణ కూడా తేలిక కాదు. ఉమ్మిలో ప్రొటీన్లని ముక్కలు చేసే ఎంజైములు ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటాయి. అందుకని తీసిన వెంటనే ఐస్‌లో పెట్టాలి, లేదంటే వెతికే ప్రొటీన్ కాస్తా కనిపించకుండా పోతుంది. తిన్న తరువాత గంటైనా ఆగాలి. పుల్లటిది తలుచుకుని ఊరించిన ఉమ్మిలో ప్రొటీన్ల పాళ్ళు వేరు, ఊరకే నోట్లో చేరనిచ్చి గొట్టంలోకి జారవిడిచిన దానిలో వేరు. షుగరు, బీపీ మందులు, డిప్రెషన్ మందులు వాడేవాళ్ళ నోరు ఎండిపోయి ద్రవం చిక్కబడుతుంది. క్యాన్సర్‌కి రేడియేషన్ తీసుకున్నవాళ్ళకైతే కొన్నిసార్లు పరీక్షకి చాలినంత ఉమ్మే రాదు.

చిగుళ్ళ వాపు తెచ్చే ఇబ్బందినే ఫిన్లాండ్‌లో ఒక ఉపాయంగా మార్చుకున్నారు. చిగుళ్ళ వాపులో పెరిగే ఎంఎంపీ-8 అనే ఎంజైముని హెల్సింకి విశ్వవిద్యాలయంలో టిమో సోర్సా దశాబ్దాలుగా అధ్యయనం చేశారు. నోరు పుక్కిలించిన నీటిలో దాని చురుకైన రూపం మిల్లీలీటరుకి 20 నానోగ్రాములు దాటితే, గర్భ పరీక్ష తరహా కిట్టు మీద గీత తేలుతుంది. చిగుళ్ళ జబ్బు ముదరకముందే తెలుసుకోవడానికి ఐరోపాలో దంతవైద్యులు దీన్ని వాడుతున్నారు. నోటిలోని జబ్బునే నోటి ద్రవంతో పట్టడం అన్నిటికంటే నేరైన దారి.

దూరపు అవయవాల సంగతి ఇంతకంటే నెమ్మది. రొమ్ము క్యాన్సర్ ఉన్న స్త్రీల ఉమ్మిలో హెర్2 ప్రొటీన్ ఎక్కువగా ఉందని 2000లో అమెరికాలో చార్లెస్ స్ట్రెక్‌ఫస్ బృందం రాసినప్పుడు పెద్ద చర్చ జరిగింది. పాతికేళ్ళు గడిచినా మామోగ్రామ్ చోటుకి ఉమ్మి రాలేదు. గుండెపోటు గుర్తులైన ప్రొటీన్లని ఈసీజీతో కలిపి ఉమ్మిలో చూసే ప్రయత్నాలు టెక్సాస్‌లో 2009 నాటికే మొదలయ్యాయి. అవీ ఆసుపత్రుల్లో స్థిరపడలేదు.

బయటి నుంచి వచ్చిన క్రిమి ప్రొటీన్లని వెతికినప్పుడు మాత్రం ఫలితాలు మెరుగ్గా ఉన్నాయి. డెంగీ వైరస్ వదిలే ఎన్ఎస్1 ప్రొటీన్ ఉమ్మిలో దొరుకుతుంది, రక్తంలో దొరికినంత నమ్మకంగా కాకపోయినా. మలేరియా క్రిమి ప్రొటీన్ ఒకదాన్ని, జ్వరం లేని ఆఫ్రికా పిల్లల ఉమ్మిలో కూడా పట్టవచ్చని ఫ్లోరిడా విశ్వవిద్యాలయం నుంచి రోయెల్ డింగ్లాసన్ బృందం 2019లో చూపించింది. కోవిడ్ కాలంలో 2020 జులై నుంచి జపాన్ విమానాశ్రయాల్లో దిగిన ప్రయాణికుల చేత గొట్టంలో ఉమ్మించి, వైరస్ ప్రొటీన్‌ని యంత్రంతో కొలిచారు. ముక్కులో పుల్ల లేదు, క్యూలో తుమ్ములు లేవు.

క్షయ మాత్రం ఇందుకు భిన్నం. చెన్నై చెట్‌పట్‌లోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ నుంచి మన పల్లె ఆరోగ్య కేంద్రాల దాకా తెమడ పరీక్షకి వచ్చినవాళ్ళకి చెప్పే మొదటి మాట ఉమ్మి వద్దు, దగ్గి లోపలి కఫం తియ్యమని. అక్కడ కావలసింది ఊపిరితిత్తుల్లోని క్రిమి. ఉమ్మి కలిస్తే నమూనా పలచబడిపోతుంది.

కాబట్టి ఏదైనా ఉమ్మి పరీక్ష గురించి చదివినప్పుడు మొదట తెలుసుకోవాల్సింది ఒకటే: అది వెతికేది జబ్బు లేకపోతే అసలు ఉండని ప్రొటీన్‌నా, అందరికీ ఉండి జబ్బులో పెరిగే ప్రొటీన్‌నా? మొదటి రకానికి ఇప్పుడే చోటుంది. రెండో రకాన్ని రక్త పరీక్షకో, ముక్క తీసి చేసే బయాప్సీకో బదులుగా అమ్మజూస్తే నమ్మకూడదు. అలాగని ఆ రెండో రకం పనికిరాదనీ కాదు. దానికి తగిన చోటు వేరే ఉంది. ఆ చోటు ఎక్కడో కేరళలో జరిగిన ఒక పెద్ద ప్రయోగం అంకెల్లో కనిపిస్తుంది.

1996లో తిరువనంతపురం జిల్లాలో శంకరనారాయణన్ బృందం పదమూడు పంచాయతీ సమూహాలని ఎంచుకుంది. కొన్నిటిలో ఆరోగ్య కార్యకర్తలు 35 ఏళ్ళు దాటిన ప్రతివారి ఇంటికీ వెళ్ళి, టార్చిలైటు వేసి నోరు చూశారు. వాళ్ళు డాక్టర్లు కారు, శిక్షణ పొందిన డిగ్రీ విద్యార్హతలున్నవాళ్ళు. తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, మానని పుండు కనిపిస్తే ఆసుపత్రికి చీటీ రాసిచ్చారు. 2005లో లాన్సెట్ వైద్య పత్రికలో ఫలితాలు వచ్చాయి. పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. ఏ ప్రొటీనూ కొలవకుండా ఒక టార్చిలైటు చేసిన పని ఇది. 2016 నుంచి కేంద్ర ప్రభుత్వం 30 ఏళ్ళు దాటినవారందరికీ నోరు చూసే పరీక్షని షుగరు, బీపీ పరీక్షలతో పాటు ఊళ్ళలో చేయించమని చెప్పడానికి పునాది ఇదే. ఏ ఉమ్మి పరీక్షైనా ముందు ఈ టార్చిలైటు కంటే మెరుగ్గా, లేదా దానికి తోడుగా ఏం చెయ్యగలదో చూపించాలి.

అదే పత్రంలో ఇంకో రెండు అంకెలున్నాయి. అనుమానం ఉందని చీటీ రాసిచ్చింది 5,145 మందికి. ఆసుపత్రికి వెళ్ళింది 3,218 మంది. మిగిలిన 1,927 మంది వెళ్ళలేదు. కూలి పోతుందనో, బస్సు ఖర్చనో, పొగాకు మానమంటారనో, ముక్క తీస్తే పుండు రేగుతుందనో, ఏ కారణమైనా కావచ్చు. మొత్తం ప్రయోగంలో చూపు పరీక్ష జరిగిన ఊళ్ళలో బయటపడ్డ నోటి క్యాన్సర్లు 205. అంటే 5,145 మందిలో అత్యధికులు మచ్చ ఉన్నా క్యాన్సర్ లేనివాళ్ళు. ఎవరి మచ్చ ప్రమాదకరమో కంటికి తెలియదు.

పదివేల మందిలో పదిమందిని వెతికేటప్పుడు తడబడే నాలుగైదు ప్రొటీన్ల పరీక్ష, ముందే అనుమానం తేలిన ఐదువేల మందిలో వాడితే వేరే పరీక్ష అయిపోతుంది. టార్చి వేసి మచ్చ చూసిన కార్యకర్త, ఆ గడపలోనే ఉమ్మి తీసి చూసి, ఈ వారమే వెళ్ళాలి అని ఒకరికీ, ఆర్నెల్లకి మళ్ళీ చూద్దాం అని మరొకరికీ చెప్పగలిగితే, ఆసుపత్రి మీద భారం తగ్గుతుంది, చెప్పిన మాటకి బలం పెరుగుతుంది. రామన్ స్ట్రీట్‌లో కౌన్సెలర్లు చేసింది కూడా ఇలాంటి పనే. పరీక్ష ఫలితాన్ని ఎదురుగా కూర్చుని, ఆ మనిషి తట్టుకునే మాటల్లో, తరువాత ఏం చెయ్యాలో కలిపి చెప్పారు. 2017 హెచ్‌ఐవీ చట్టం ఎరుకతో కూడిన సమ్మతినీ గోప్యతనీ తప్పనిసరి చేసింది. క్యాన్సర్ పరీక్షకి అలాంటి చట్టం లేదు, కానీ నోట్లో మచ్చ ఉందని విన్న, చుట్ట తాగే మహిళకి ఆ మాట చెప్పే తీరు అంతే ముఖ్యం.

దీన్ని తేల్చడానికి కావలసినవన్నీ మన చేతికి అందే దూరంలోనే ఉన్నాయి. 1954లో ముత్తులక్ష్మీ రెడ్డి చొరవతో మొదలైన అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ టి. నగర్‌కి కొద్ది కిలోమీటర్ల దూరమే. దక్షిణాంధ్ర రోగులకి అది ఎప్పటినుంచో తెలిసిన చోటు. బెంగళూరు పట్టికలో 3,449 ప్రొటీన్లున్నాయి. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలూ ఏఎన్‌ఎంలూ ఊళ్ళలో ఉన్నారు. శ్రీకాకుళం తీరంలో అడ్డపొగ తాగే ఆడవాళ్ళ అంగిళ్ళ మీది మచ్చల్ని ఏళ్ళ తరబడి గమనిస్తూ, ప్రతిసారీ ఉమ్మి దాచి, క్యాన్సర్‌గా మారిన మచ్చకీ మారని మచ్చకీ మధ్య ప్రొటీన్లలో తేడా ఎప్పుడు మొదలైందో చూసే అధ్యయనం కావాలి. తైవాన్ వక్కకో కాలిఫోర్నియా సిగరెట్టుకో కుదిరిన నాలుగు ప్రొటీన్లు చుట్ట నిప్పుకి కుదురుతాయో లేదో చెప్పగలిగేది అదొక్కటే.